ఎవరూ చూడని ఛానెల్

"ముక్కు మూసుకోకు బాబూ, మేం మూడు వారాలుగా ఈ కంపులోనే వండుకు తింటున్నాం," అంది ఆ మేడలో ఉండే కపితోలినా.

గ్లెబ్ సిగ్గుపడి చేతిరుమాలు జేబులో పెట్టుకున్నాడు. నేలమాళిగ మెట్ల కింద మురుగు మోకాటిలోతు నిలిచి ఉంది. దాని మీద బంగాళాదుంప తొక్కలూ చచ్చిన ఎలుకా తేలుతున్నాయి. ఎస్టోనియా సరిహద్దు ఊరు నార్వాలో ఇలాంటి పాత మేడలు చాలా చూశాడు గానీ ఇంత రోత ఎక్కడా చూడలేదు.

మెట్ల మీద సిగరెట్టు కాలుస్తున్న ముసలి ఫెదోత్ అతని చేతిలో మైకు చూసి తుపుక్కున ఉమ్మాడు.

"రాజధాని తాలిన్ నుంచొచ్చే సర్కారు ఛానెలా? మా రష్యన్‌లో వాగితే మావాళ్ళయిపోతారా? మీ మొహాలు ఈ మేడలో ఒక్కడూ చూడడు. మా యాంటెన్నాలన్నీ నది అవతల రష్యా వైపుకే తిరిగి ఉన్నాయి. కెమెరా పట్టుకునేవాడేడీ?"

"ఖర్చుల్లో కోతలు పెట్టారు పెద్దాయనా. ఇప్పుడన్నీ ఫోనుతోనే."

"మీ బతుక్కి అదే ఎక్కువ," అంటూ ఫెదోత్ పైకి పోయాడు. మరో ఇద్దరు తలుపులు తీసి, మైకు చూసి దడాలున మూసేశారు. ఇంట్లో కూర్చుని తిట్టడానికి అందరూ సిద్ధమే, ఎదురుగా నోరు విప్పడానికి ఒక్కడూ రాడు. గ్లెబ్‌కి మురుగు కంటే ఈ మనుషులే ఎక్కువ కంపు కొట్టారు.

కపితోలినా ఒక్కతే అతన్ని వంటింట్లోకి పిలిచి టీ పోసింది. క్యాబేజీ కూరిన రొట్టె కోసిపెట్టింది.

"పురపాలక ఆఫీసుకి ఎవరో పేరు లేకుండా ఫిర్యాదు రాశారట పిన్నిగారూ. మురుగు తోడే పంపుని మేడ సంఘం అధ్యక్షుడు అర్కాదీ తన తోటకి పట్టుకుపోయాడని. ఆ రాసినవాళ్ళు మాట్లాడితేనే వార్త నిలబడుతుంది."

ఆమె చేతులు నలుపుకుంది. "నా మొహం చూపించవు కదా?"

"గొంతు కూడా మార్చేస్తాం."

"ఈ ఇల్లు అర్కాదీదే నాయనా, నేను అద్దెకుంటున్నా. నేనని తెలిస్తే ఈ జనవరి చలిలో సామానుతో సహా వీధిలో ఉంటాను."

"మీకెందుకు భయం, నేనున్నాగా."

ఆమె లేచి వంటింటి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "నేనే రాశాను. థూ, వాడి మొహం చూస్తే వాంతొస్తుంది! వేసవిలో మొక్కలకి నీళ్ళు పెట్టుకుంటానని తీసుకెళ్ళాడు, ఇంతవరకూ తెచ్చివ్వలేదు. వాడికి తోట, మాకు పెంట!"

పది నిమిషాలు కడుపులో కసంతా కక్కింది. చివర్లో గ్లెబ్ ఆమె పేరూ ఇంటి నంబరూ రెండోసారి చెప్పించుకున్నాడు.

"ఎప్పుడొస్తుంది బాబూ? ఎన్నో నంబరులో? మీ ఛానెల్ ఎప్పుడూ పెట్టలేదు, ఏమనుకోకు."

"రేపు సాయంత్రం వార్తల్లో. నంబరంటారా... ఒక్కో ఇంట్లో ఒక్కోటి ఉంటుంది పిన్నిగారూ."

"మావాళ్ళు మిమ్మల్ని తిడుతుంటే నేనూ వంతపాడేదాన్ని. తప్పయిపోయింది," అంటూ మిగిలిన రొట్టె కాగితంలో చుట్టి అతని చేతిలో పెట్టింది.

కారెక్కాక కూడా ఆ కంపు కోటుని వదల్లేదు. పొట్లం ఇంకా వేడిగానే ఉంది. దాన్ని పక్క సీటులో పెట్టాడు. తన మీద తనకే అసహ్యం వేసింది, కానీ ఎంతోసేపు కాదు.

మైకుకి అంటించిన ఛానెల్ బొమ్మ పీకేసి, అర్కాదీకి ఫోన్ చేశాడు. "మీరడిగిన పేరు దొరికింది," అన్నాడు.