షావుకారుగారి యాప్

నూజివీడు మండీలో మామిడికాయలు లెక్కపెట్టే నాకోసం మా అబ్బాయి చందు ఫోన్‌లో ఒక యాప్ రాశాడు. వాడు కన్నుమూసిన నెలకే అది షావుకారు నారాయణరావుగారు రాసిందైపోయింది. పాపం, అలారం పెట్టాలన్నా గుమస్తాని పిలిచే మనిషి, ఎంత కష్టపడి రాశారో.

“మీవాడే రాశాడని రుజువేంటమ్మా?” అన్నారు అందరిముందూ.

ఆయన ఫోనే తీసుకుని, కాయకాయకీ నొక్కుతూ “లాభం, రెండు, మూడు” అని లెక్కపెట్టాను. వందో కాయకి అందులోంచి మా చందు గొంతు పలికింది.

“ఇక చాల్లే అమ్మా, అన్నం తిను.”

“మిమ్మల్ని నేనెప్పుడు కన్నానండీ?” అన్నాను.

మండీ అంతా నవ్వింది. నారాయణరావుగారు గొంతు తగ్గించారు.

“సరేనమ్మా, మీవాడి పేరే పెట్టిస్తాను. ఆ మాట మాత్రం తీయించేస్తాను.”

“పేరు మీదే ఉంచుకోండి అయ్యగారూ. ఆ మాట తీయించకండి.”