వానరోజు లెక్కలు

"డస్టర్ ఇటియ్యండి మేడం. గిదేం లెక్క?"

హెడ్మాస్టర్ రమణ బోర్డు వైపు వేలు చూపించాడు. ఆయనకు సుద్దముక్క కంటే డస్టర్ మీదే ప్రేమ ఎక్కువ. బోర్డు మీద పదకొండును పదకొండుతో గుణిస్తే 121, నూట పదకొండును నూట పదకొండుతో గుణిస్తే 12321. మెట్లెక్కి దిగినట్టున్న ఆ అంకెల్ని చూసి పిల్లలింకా కేరింతలు కొడుతూనే ఉన్నారు.

"దీనికి పరీక్షల ఒక్క మార్కన్న వస్తదా?"

"రాదు సార్," అంది లెక్కల టీచరు షీరీన్. "కానీ శనివారం దీనికోసమే అడవిల నుంచి నడిచొచ్చే పిల్లలున్నరు. గా ముందు వరసల కూసున్న సోమ్లిని అడగండి."

"గమ్మత్తులు లెక్కలెట్లయితయి? వచ్చే వారం నుంచి బంద్."

షీరీన్ బోర్డు మీది అంకెల్నే చూసింది. ఈ గమ్మత్తులే లేకపోతే తనకు లెక్కలంటే ఇంత ప్రాణమయ్యేదా! ఆరో తరగతి, వానాకాలం, రేకుల మీద దడదడ. మామూలు రోజుల్లో వాగు అవతలి ఆడపిల్లల్ని చివరి పీరియడ్‌కు ముందే ఇంటికి పంపించేవారు. వాగు పొంగిందా, అందరూ బడిలోనే. ఆ రోజుల్లోనే చివరి పీరియడ్‌కు తుల్సీరాం సారు తడిసిన చొక్కాతో వచ్చి సుద్దముక్క అందుకునేవారు. ఆ తడి మట్టి వాసన, ఆ అంకెలు ఆమెకు ఇప్పటికీ కలిసే గుర్తొస్తాయి. ఎంత మంచి రోజులవి! ఆ ఏడాదే సారు బదిలీ అయిపోయారు. నంబరు మొన్ననే దొరికింది గానీ, ఫోన్ చేసే ధైర్యం చాలలేదు.

"మా లెక్కల సారే నేర్పిన్రు. ఇప్పుడు ఖానాపురం హవేలిల ఉంటరు. ఆయన్నే అడగండి సార్," అంది పట్టుబట్టి.

"లెక్కల సారే ఇవి లెక్కలంటే ఇంక నేనేమంట?"

నంబరు తీసుకుని, సిగ్నల్ కోసం రమణ వరండా చివరిదాకా వెళ్లాడు. షీరీన్ గుమ్మంలో నిలబడింది. అవతలి మాట వినపడదు.

"నమస్తే సార్... అవ్... ఏందీ? మీరా?" రమణ పకపకా నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. "ఆ పిల్లేనా సార్? మా బడిల లెక్కలు చెప్తది," అన్నాడు మెల్లగా.

తిరిగొచ్చి డస్టర్ బల్లమీద పెట్టాడు. సుద్దముక్క ఆమె చేతికిచ్చాడు. "శనివారం క్లాసు నడిపియ్యండి మేడం."

షీరీన్ ముఖం విప్పారింది. "ఇవి లెక్కలే అన్నరు గదా సార్?"

"ఆయనకు లెక్కలే రావంట. ఆయన డ్రిల్లు మాస్టరంట మేడం! నీళ్లు తగ్గేదాంక మీరంత వాగు దిక్కు ఉరకకుండ గీ అంకెలతోని ఆడిపిచ్చిన్రంట."