సోలార్ వ్యానులో సాతాను

ఎర్ర సముద్రాన్ని చీల్చిన దేవుడు నా బండిలో ఒక్క బల్బు వెలిగించలేడా? చెప్పండి!

మేము అందులోనే వండుకుని, పడుకుని, ఊరూరా దేవుని వాక్యం చెప్పే సోలార్ వ్యాను కొత్తగూడలో చచ్చిపోయింది. బల్బు లేదు, ఫ్యాను లేదు. సాయంత్రం సభకు మైకు కూడా దాని సోలార్ బ్యాటరీ మీదే నడవాలి. ఫ్యూజులు మార్చాను, వైర్లు కదిపాను. చివరికి బ్యాటరీ మీద బైబిలు పెట్టి, "సాతానా, వెళ్ళిపో!" అని గద్దించాను.

"జర మెల్లగ అనయ్యా, బ్యాటరీకి చెవులుంటయా?" అంటూ నా భార్య సుగుణమ్మ నిచ్చెన వేసుకుని వ్యాను మీదికి ఎక్కింది.

పైనుంచి కేక వేసింది. "ఏందయ్యా, గీ సోలార్ ప్లేటు మీద గింత మట్టి? గీకినా వస్తలేదు. ఒకటే జిడ్డు!"

"జిడ్డు కాదే, అభిషేకం! రోజూ పొద్దుగాల నేనే ప్రార్థన నూనె పోస్తున్న."

"గందుకే తొవ్వల దుమ్మంత అంటుకున్నది. ఎండ లోపటికి ఎట్ల పోతది? సైతాను గాదు, నువ్వే!"

సబ్బునీళ్లతో కడిగాం. సాయంత్రం మైకు మోగింది.

సోదరులారా, దేవుడు ఎండను కుమ్మరిస్తూనే ఉన్నాడు, మూత వేసింది నేను! రేపంటే దుమ్ము ఇంకా గట్టిపడుతుంది. ఈ రోజే, ఇప్పుడే, నిచ్చెన వేసుకుని పైకెక్కండి! సబ్బు మరవకండి!