పావుగంట వైను

డెల్ఫీనా సీసా బిరడా తీసి, వైను గాజు కూజాలోకి వంచబోతుంటే కిటికీ పక్క బల్ల నుంచి ఎవరో ఆగమన్నారు.

అప్పటికి పదకొండయింది. చుట్టాలు భోజనానికి ఒంటిగంటకి వస్తారు. ఆ రోజు డెల్ఫీనాకి యాభయ్యో పుట్టినరోజు. ఆ వైను ఆమె పుట్టిన ఏటిది. తండ్రి సెవెరీనో ఆ ఒక్క సీసా నేలమాళిగలో దాచి, యాభై నిండిన రోజున తెరవమని చెప్పి కన్నుమూశాడు. నాన్న చేతి రుచి ఇక మిగిలింది ఆ సీసాలోనే.

ఆగమన్నది, బస్సు దిగి ఆమె పూటకూళ్ళ ఇంటికి సెనగల సూపు కోసం వచ్చిన ముసలాయన. బూట్ల నిండా దుమ్ము.

"కూజాలో పొయ్యకమ్మా. ఇంత పాత వైను గాలికి నిలవదు. తీసిన పావుగంటలో తాగెయ్యాలి."

డెల్ఫీనాకి ఒళ్ళు మండింది. తమ లాంగే కొండల వైనుకి గంటల తరబడి గాలి తగలాలని ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. కొత్త వైనుకైతే నిజమే, పాతదాని సంగతి వేరు అన్నాడాయన. వంటింట్లోంచి భర్త రెమిజో, పెద్దాయన సూపు చల్లారిపోతోంది, ముందు అది చూసుకోమను అని నవ్వాడు.

ఆమె కావాలనే మొత్తం వంచేసింది. గులాబీల వాసన గదంతా నిండింది. ముసలాయన కళ్ళు మూసుకున్నాడు.

"అయితే యాభై నిండాయన్నమాట," అన్నాడు.

ఆడదాని వయసు అలా పైకి అనేసే మనిషిని ఆమె చూడటం అదే మొదటిసారి.

"ఒక్క గుక్క ఇస్తావా తల్లీ? మీ నాన్న..."

"మా నాన్న పేరు చెప్పి ఇక్కడ గ్లాసు పట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇది ఇంటివాళ్ళకి. ఇంతకీ మీరెవరు?"

"ఎలియో అంటారు. తెలిసినవాళ్ళెవరూ మిగల్లేదులే."

గిన్నె అడుగు రొట్టెముక్కతో తుడుచుకు తిని, పన్నెండు గంటల అల్బా బస్సుకి వెళ్ళిపోయాడు. గుమ్మం దాటుతూ కూజా వంక ఒకసారి చూశాడు.

ఒంటిగంటన్నరకి గ్లాసులు నింపారు. ఎర్రగా మెరిసిన వైను బురదరంగుకి తిరిగింది. వాసన లేదు. నాలుక మీద పులుపు తప్ప ఇంకేమీ లేదు. బాగుంది బాగుంది అంటూ అందరూ మర్యాదకి మింగారు. ఆడపడుచు మాత్రం నీళ్ళ గ్లాసు అందుకుంది. నాన్న చెయ్యి ఇంతేనా అనిపించింది డెల్ఫీనాకి. అలా అనిపించినందుకు సిగ్గేసి, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

చుట్టాలు వెళ్ళాక, గుర్తుగా దాచుకుందామని ఖాళీ సీసా లోపల కడిగి కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది.

నిండుగా ఉన్నన్నాళ్ళూ కనపడనిది ఇప్పుడు గాజులోంచి కనిపించింది. లేబుల్ వెనక పెన్సిల్ రాత. నాన్నదే.

"తల్లీ, నువ్వు పుట్టిన ఏడు నేను జ్వరంతో మంచం దిగలేదు. పళ్ళు కోసి, పులియబెట్టి, ఈ వైను చేసింది నా నేస్తం ఎలియో. నీ యాభయ్యో పుట్టినరోజుకి రమ్మన్నాను, నేను లేకపోయినా వస్తాడు. మొదటి గుక్క అతనిది."