చుక్కకు పెట్టిన పేరు

“నిరోష పేరు పెడతనవ్వా. నువ్వు సరే అంటే చాలు.”

సత్తవ్వ ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టింది. ఈ ఒక్క మాట అడగడానికే ఉమారాణి నిజామాబాద్‌లో పొద్దున్నే బస్సెక్కి బోధన్ వచ్చింది.

ఎనిమిదేళ్ల కిందట ఉమారాణి, సత్తవ్వ కూతురు నిరోష ఇక్కడే డిగ్రీ చదివేవారు. టెలిస్కోపు తీసిన ఆకాశం ఫొటోలు కంప్యూటర్లో చూపించి, వాటిలో కదిలే చుక్క ఉంటే పట్టుకోమనేవారు ఆత్మారాం సారు. ఉన్నది ఒక్క కంప్యూటరు. ఇద్దరూ వంతులవారీగా కూర్చుని నెలల తరబడి వెతికారు. చివరికి దొరికింది. అంగారకుడికీ గురుడికీ నడుమ తిరిగే ఓ గ్రహశకలం.

ఆ మర్నాడే నిరోష డెంగీ జ్వరంతో ఆసుపత్రిలో చేరింది. వివరాలన్నీ ఉమారాణి ఒక్కతే కూర్చుని, తన పేరు మీద ఖగోళ సంస్థకు పంపింది. వారం తిరక్కముందే నిరోష పోయింది.

శకలం దారి లెక్కతేలడానికి ఇన్నేళ్లు పట్టింది. మొన్ననే దానికి నంబరిచ్చి, కనిపెట్టినవారు పేరు సూచించవచ్చని ఆ సంస్థవారు ఉమారాణికి రాశారు. స్నేహితురాలి పేరు పెడుతోందని విని ఆత్మారాం సారు కళ్లు తుడుచుకున్నారు, ఎంత పెద్ద మనసమ్మా నీదని.

సత్తవ్వకు అది కొత్త కాదు. నిరోష పోయిన రోజున ఏటా వచ్చేది ఉమారాణి ఒక్కతే. సత్తవ్వ ఆమెను ఒక్కసారి కూడా అన్నం పెట్టకుండా పంపలేదు.

“నీ పేరే పెట్టుకోరాదు బిడ్డా?”

“సొంత పేరు పెట్టుకోవద్దవ్వా. పద్ధతి కాదు.”

ఆ పేరు ఎన్నేండ్లు ఉంటుందని సత్తవ్వ అడిగింది. మనమంతా పోయాక కూడా ఉంటుందని చెప్పింది ఉమారాణి. సత్తవ్వ గోడమీది కూతురి ఫొటో వంక చాలాసేపు చూసి, సరే పెట్టమంది.

అంతే, ఉమారాణి ఆమె ఒళ్లో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఎనిమిదేళ్లలో ఎన్నడూ అంతగా ఏడవలేదు. పొగాకు వాసన పట్టిన వేళ్లతో సత్తవ్వ ఆమె జుట్టు నిమురుతూ కూర్చుంది. ఆమె కళ్లు కూడా కారుతూనే ఉన్నాయి.

“ఇగ ఏడ్వకు బిడ్డా,” అంది మెల్లగా. “ఆ చుక్కను పట్టింది తనేనని నిరోష నాకు ఆసుపత్రిలనే చెప్పింది.”