బుగ్గలో బాదం

“పాయసంలో బాదం ఎవరికొస్తే వాళ్ళు పిల్లను తీసుకెళ్ళాలి. ఇక మాటల్లేవు,” అంది గుడ్రున్.

క్నుద్ తలుపు వైపు చూశాడు. వేసే ఉంది. దాని అవతల వంటింట్లో మేనకోడలు మారెన్ గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇది వాళ్ళ చెల్లెలు, మారెన్ తల్లి సోల్వై ఇల్లు. ఆమె పోయి నెల కాలేదు. మారెన్‌కు తండ్రి ఊసు మొదటినుంచీ లేదు.

“పిల్లని లాటరీలో తీస్తామా అక్కా?” అన్నాడు తమ్ముళ్ళిద్దరిలో చిన్నవాడు ఎస్బెన్.

“అయితే నీ ఇష్టంతోనే తీసుకెళ్ళు. ఎవరొద్దన్నారు?”

ఎస్బెన్ బల్ల మీది కొవ్వొత్తిని సరిచేశాడు.

“చూశావా, నోరు పడిపోయింది.”

“మాకున్నవే రెండు గదులక్కా. పైగా మా ఆవిడకి నెలలు నిండుతున్నాయి.”

“నేను మాత్రం? ఈ మోకాళ్ళతో నాలుగో అంతస్తు ఎక్కి దిగడమే గగనం. క్నుద్‌కైతే ఇల్లుంది, తోట ఉంది. ఏరా?”

“బిర్గిట్ కూడా ఉంది కదా,” అన్నాడు క్నుద్.

భార్య పేరు చెబితే చాలు, వాళ్ళకు ఇంకేమీ చెప్పక్కర్లేదు. పొద్దున అతను కారెక్కుతుంటే బిర్గిట్ గుమ్మంలో నిలబడి ఒకే మాట అంది. “వెళ్ళేది ఒక్కడివి. వచ్చేదీ ఒక్కడివే.”

రేపు క్రిస్మస్ ముందురోజు. పొద్దున్నే ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతారు. మారెన్ ఎవరో ఒకరి కారెక్కాలి. లేదంటే పండుగ వెళ్ళేదాకా పక్కింట్లో ఉంటుంది. ఆ తరవాత మునిసిపాలిటీ వాళ్ళొచ్చి, ఎవరో ముక్కూ మొహం తెలియని వాళ్ళింట్లో పెడతారు.

“సరే, బాదమే తేల్చనీ,” అన్నాడు క్నుద్. క్రిస్మస్ పాయసంలో ఒకే ఒక్క నిండు బాదం గింజ దాచడం, అది దొరికినవాళ్ళకు బహుమతివ్వడం అక్కడి ఆనవాయితీ.

తలుపు తోసుకుని మారెన్ పళ్ళెంతో వచ్చింది. మూడు గాజు గిన్నెలు. చల్లటి అన్నం పాయసం, మీద మీగడ, ఆ పైన ఎర్రగా చెర్రీ పళ్ళ పాకం. పిల్ల జుట్టులో కాగితం ముక్కలు అంటుకుని ఉన్నాయి. కిటికీకి వేలాడుతున్న ఎరుపూ తెలుపూ కాగితపు హృదయాలు, మూలనున్న గడ్డి మేక బొమ్మ, అన్నీ ఆ చేతులతో చేసినవే.

“ఇదంతా నువ్వే వండావుటే?” అంది గుడ్రున్.

“అన్నం మాడకుండా పక్కింటావిడ చూసింది పెద్దమ్మా. మిగతాదంతా నేనే. బహుమతి కూడా నేనే చేశాను. ఇప్పుడు చూపించను.”

“మరి నీ గిన్నేది?” అన్నాడు ఎస్బెన్.

“బహుమతి ఇచ్చేవాళ్ళు ఆడకూడదు మామయ్యా. బాదం దొరగ్గానే చెప్పేయకండేం. అందరి గిన్నెలూ ఖాళీ అయ్యేదాకా బుగ్గలో దాచుకోవాలి. కిందటేడు అమ్మకి నవ్వాగలేదు, ముందే దొరికిపోయింది.”

ఎవరూ నవ్వలేదు. పిల్ల వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.

ముగ్గురూ తినడం మొదలుపెట్టారు. మందు తాగుతున్నట్టు తిన్నారు. క్నుద్ ప్రతి చెంచానూ ముందు నాలుకతో తడిమి చూసుకుంటున్నాడు. తరిగిన బాదం ముక్కలు తగిలినప్పుడల్లా నమలడం ఆపి, ముక్కేనని తేలాకే మింగుతున్నాడు.

గిన్నె అడుగుకు వచ్చాక తగిలింది. నున్నగా, గట్టిగా, నిండు గింజ.

బుగ్గలోకి తోసుకున్నాడు. తలెత్తి చూస్తే గుడ్రున్ తల వంచుకుని తింటోంది. ఎస్బెన్ కళ్ళు గోడ మీద ఉన్నాయి. తన ఇంటి కిటికీకి ఈ కాగితపు హృదయాలు వేలాడుతున్నట్టు ఒక్క క్షణం అనిపించింది. వెంటనే గుమ్మంలో బిర్గిట్ కనిపించింది.

కొరికితే చప్పుడవుతుంది. అలాగే మింగేశాడు. గొంతులో గీరుకుంటూ దిగింది. దగ్గు ఆపుకుంటూ నీళ్ళు తాగాడు.

“ఏమైందిరా?” అంది గుడ్రున్.

“చెర్రీ గింజనుకుంటా.”

ఆమె రుమాలుతో మూతి తుడుచుకుంది. ఎస్బెన్ లేచి వాన తగ్గిందేమో చూసి వచ్చాడు. గిన్నెలు ఖాళీ అయ్యాయి.

“ఊఁ, చెప్పండి. ఎవరికొచ్చింది?” అంది గుడ్రున్.

“నాకు రాలేదు,” అన్నాడు ఎస్బెన్.

“నాకూ రాలేదు,” అన్నాడు క్నుద్. గొంతు ఇంకా మండుతోంది. “నీకే వచ్చుంటుంది అక్కా.”

“పోయిన సోల్వై మీద ఒట్టు. నాకు రాలేదు.”

క్నుద్ చెవులు వేడెక్కాయి. గుడ్రున్ ఎన్ని మాటలైనా అంటుంది గానీ, చచ్చిపోయినదాని మీద ఒట్టు ఊరికే వేయదు. ఎస్బెన్‌కు చిన్నప్పటినుంచీ అబద్ధమాడటం చేతకాదు. ఈ గదిలో దొంగ తనొక్కడే.

“పిల్ల వేయడం మరిచిపోయుంటుంది,” అన్నాడు ఎస్బెన్ మెల్లగా.

“అంతే. పాపం, తల్లి పోయిన దిగులులో ఉంది,” అన్నాడు క్నుద్.

“అయితే ఇక మన చేతుల్లో ఏముంది? పైవాడే అలా తేల్చాడు. పండుగ వెళ్ళాక మునిసిపాలిటీకి నేను ఫోన్ చేస్తాను. వాళ్ళూ మంచి ఇల్లే చూస్తారు,” అంది గుడ్రున్.

తమ్ముళ్ళిద్దరూ తలూపారు. ముగ్గురూ ఒకేసారి కుర్చీల్లో వెనక్కి వాలారు. ఆ సాయంత్రం మొదటిసారి కాళ్ళు చాపుకున్నారు.

తలుపు తెరిచి మారెన్ పరుగున వచ్చింది. ముగ్గురి బుగ్గల వంకా మార్చి మార్చి చూసింది.

“అయిపోయాయిగా, ఇంక చూపించండి.”

“ఎవరికీ రాలేదే తల్లీ. నువ్వు బాదం వేయడం మరిచిపోయావు,” అంది గుడ్రున్.

“లేదు పెద్దమ్మా,” అంది మారెన్. “ఎవరూ చిన్నబుచ్చుకోకూడదని మూడు గిన్నెల్లోనూ తలా ఒకటి వేశాను.”