కుడి చెవిలో ‘ఊఁ’

“ఊఁ.”

ఆవిడ ఉలిక్కిపడి హెడ్‌ఫోన్స్ తీసేసింది. మళ్లీ పెట్టుకుని, పాట వెనక్కి తిప్పి, కళ్లు మూసుకుని వింది. సందేహం లేదు. ఆ ‘ఊఁ’ తన భర్తదే. పియానో వాయిస్తూ, ఎవరో కథ చెబుతున్నట్టు మధ్యమధ్య ఊకొట్టడం ఆయన అలవాటు. చిక్కల్లా అది కుడి చెవిలో వినబడడమే.

ఆయన, ఆయన స్నేహితుడు కలిసి జాజ్ వాయిస్తారు. రెండు పియానోలు, ముందు రాసుకోకుండా అప్పటికప్పుడు అల్లుకునే సంగీతం. ఊళ్లో ఈయన్ని పెద్ద పియానో అనీ, స్నేహితుణ్ణి చిన్న పియానో అనీ అంటారు. ఇరవై ఏళ్లలో ఇద్దరూ పన్నెండు రికార్డులు చేశారు. ఎడమ వైపు వినబడేది పెద్దాయన, కుడి వైపు చిన్నాయన అని ప్రతి అట్ట మీదా అచ్చవుతుంది. పదకొండు రికార్డుల దాకా పత్రికలు ఎడమ పియానోనే ఆకాశానికెత్తాయి. ఆ పేరుతోనే పెద్దాయన సంగీత కాలేజీలో పియానో శాఖకి అధిపతి అయ్యాడు. చిన్నాయన ఆయన కింద పాఠాలు చెప్పుకుంటున్నాడు.

పన్నెండోది వచ్చాక కథ అడ్డం తిరిగింది. “ఎడమ పియానో అలసిపోయింది. కుడి పియానో ఇన్నాళ్లకి విరబూసింది” అని రాశారు. దాంతో శాఖని చిన్నాయనకి అప్పగిస్తారన్న మాట మొదలైంది. సోమవారం తేలుస్తామన్నారు.

ఆవిడ ఇన్నాళ్లూ ఆ పాటలు వంటింట్లో, ఒకే స్పీకరు పలికే పాత పెట్టెలో వినేది. అందులో కుడీ ఎడమా ఒకటే. మొన్న కూతురు హెడ్‌ఫోన్స్ కొనిచ్చాకే ఏ చెవిలో ఏముందో తెలిసింది.

“ఏవండీ, ఈ కొత్త రికార్డులో కుడి వైపు వాయించింది మీరే.”

పేపరు చదువుతున్న భర్త తలెత్తలేదు. “ఎవరైతేనేం? వాయించింది ఇద్దరం.”

“చాల్లెండి. పాట మీది, దండ ఆయనకా? నేను గంటసేపు మాట్లాడినా ఊఁ అనరు, ఆ చెక్కపెట్టెకి మాత్రం నిమిషానికోసారి ఊకొడతారు. ఆ గొంతు నాకు తెలీదా? ఇదిగో, వినండి.”

ఆయన హెడ్‌ఫోన్స్ ముట్టుకోలేదు. “వదిలెయ్. స్టూడియోకి వెళ్లి గొడవ పెట్టకు.”

“స్టూడియో మాట నేనెత్తలేదే!”

ఆయన పేపరు మడిచి, చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. ఇంత మెత్తనివాణ్ణి ఎవరైనా ముంచుతారు అనుకుంది. ఆ ఎవరో కూడా ఆవిడకి తెలిసినట్టే ఉంది.

మర్నాడు పొద్దున్నే కాలేజీకి వెళ్లింది. చిన్నాయన ఒంటరిగా కూర్చుని పియానో మీటలు గుడ్డతో తుడుస్తున్నాడు. ఆవిణ్ణి చూసి లేచాడు.

“రండి వదినా. అన్నయ్య రాలేదా?”

“రికార్డింగప్పుడు మైకుల తీగలు ఎవరు కలుపుతారు?”

అతని చెయ్యి పియానో మీద పడి, ఏదో స్వరం బొంయిమంది.

“సౌండు మాస్టారు. ఏం?”

“మీ అన్నయ్య కుడి చెవిలో ఊకొడుతున్నారు. అటెలా వెళ్లారో తెలుసుకుందామని.”

అతను గబగబా వెళ్లి తలుపు వేశాడు. “ఇంకెవరికైనా చెప్పారా?”

“చెబితే?”

“వదినా, ఆ పదవి నాకొద్దు. ఇప్పుడే రాసిచ్చేస్తాను. అన్నయ్యే ఉంటాడు. మీరు స్టూడియోకి మాత్రం వెళ్లకండి.”

“గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది నాయనా!”

అతను సొరుగులోంచి కాగితం తీసి నిజంగానే రాయడం మొదలుపెట్టాడు. ఆవిడకి జాలి వెయ్యలేదు, ఒళ్లు మండింది.

“మీరు విదిలిస్తే పుచ్చుకోవడానికి రాలేదు. ఎవరి పాటకి వాళ్ల పేరు ఉండాలి, అంతే.”

“అన్నయ్యని అడిగి వెళ్లండి వదినా” అంటూ అతను మెట్ల దాకా వెంటబడ్డాడు. ఆవిడ వెనక్కి చూడలేదు.

స్టూడియో రెండు వీధుల అవతల ఉంది. వాళ్ల రికార్డులన్నీ అక్కడే, ఆ ఒక్క గదిలోనే తయారయ్యాయి. సౌండు మాస్టారు టీ గ్లాసు పక్కన పెట్టి, ఆవిడ చెప్పిందంతా విని నవ్వాడు.

“నా చేతి కింద తప్పు జరగదమ్మా.”

“అయితే చూపించండి.”

ఆయన ఆవిడకి హెడ్‌ఫోన్స్ తగిలించి, అద్దం అవతల గదిలోకి వెళ్లాడు. పెద్దాయన వాయించే పియానో దగ్గర వంగి మైకు మీద గోటితో టక్ టక్ మని కొట్టాడు.

“ఎటు వినబడింది?”

“కుడి వైపు.”

ఆయన నవ్వు ఆగింది. రెండో మైకు కొట్టాడు. ఎడమ. మొదటిది మళ్లీ కొట్టాడు. కుడి. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, బీరువా పక్కకి జరిపి, తీగలు పట్టుకుని గోడ దాకా వెళ్లాడు. అక్కడ చాలాసేపు మోకాళ్ల మీద కూర్చున్నాడు. తిరిగొచ్చాక ముఖం పాలిపోయి ఉంది.

“మీరన్నది నిజమేనమ్మా. తిరగబడి ఉన్నాయి.”

ఆవిడ గుండె తేలికపడింది. “నేననలే! ఎవరు మార్చారో దేవుడికి తెలుసు, నాకూ తెలుసు. పేర్లు తారుమారయ్యాయని కాలేజీకి ఉత్తరం రాసివ్వండి. సంతకం, ముద్ర, అన్నీ ఉండాలి. సోమవారం లోపల.”

ఆయన కాగితం ముందేసుకుని కలం తెరిచాడు గానీ రాయలేదు.

“మధ్యలో ఎవరూ మార్చే వీల్లేదమ్మా. ఇవి ఈ గది కట్టినప్పుడే గోడలో పూడ్చేసిన తీగలు.”

“అంటే?”

“పన్నెండు రికార్డులూ ఇంతే. అందరూ మెచ్చుకున్న ఆ ఎడమ పియానో చిన్నాయనది.”